ముందు చక్రానికి గాలి నిలవటం లేదు

జూన్ 2

ఈ డైరీ మావాడిది. ఎవరో మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చారట. మొదటి పేజీలో పేరు, రక్తం గ్రూపు, బండి నంబరు రాసుకున్నాడు. ఆ తర్వాత అంతా ఖాళీ. ఇంత మంచి కాయితం వృథా చెయ్యడం ఎందుకని నేను రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులు దిద్దేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి హాయిగా ఉంది.

వాడు పోయాక పలకరించడానికి వచ్చేవాళ్ళు ముందు నన్ను చూస్తున్నారు, ఆ తర్వాత వరండాలో ఉన్న బండిని చూస్తున్నారు. పోలీసులు తిరిగి ఇచ్చేశారు దాన్ని. ఎడమవైపు అద్దం పగిలింది. కాలు పెట్టుకునే రాడ్డు కాస్త వంగింది. అంతే. ఇవాళ వచ్చినావిడ అయితే నోరు తెరిచి "అయ్యో, బండికేమీ కాలేదే!" అంది. బాధతో అందో, మెచ్చుకుని అందో తెలియలేదు.

ఒకాయన బండి అమ్మెయ్యమన్నాడు. ఒకావిడ గుర్తుగా ఉంచుకోమంది. ఇంకొకాయన, అమ్మేటట్టయితే ముందు తనకే చెప్పమన్నాడు. అందరూ టీ తాగి వెళ్ళారు. కప్పులన్నీ కోడలే కడిగింది.

జూన్ 5

ముందు టైరు గుండులా ఉంది. ఒక్క గీత లేదు. వానలో, నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపులో జారిందంటే దానివల్లే. ఈ సంగతి అందరికీ తెలుసు. మా తమ్ముడికి అందరికంటే బాగా తెలుసు.

"ఎన్నిసార్లు మొత్తుకున్నానండీ, టైరు మార్చరా, టైరు మార్చరా అని! వింటేనా?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు.

వాడు మొత్తుకున్నది నేను విన్నాను. ఎండలు ముదిరిన రోజుల్లో ఇదే వరండాలో కూర్చుని, టైరు మీద బొటనవేలు నొక్కి, "దీనికేంరా, ఇంకో వానాకాలం లాగుతుంది" అన్నాడు. మావాడు కూడా "అయితే వచ్చే ఏడాది చూద్దాంలే మావయ్యా" అన్నాడు. నేను టీ అందిస్తూ అక్కడే ఉన్నాను.

సరేలే. మనిషన్నాక ఏదో ఒకటి అంటాడు.

జూన్ 6

రాయాలని లేదు.

జూన్ 9

కోడలికి ఉద్యోగం వచ్చింది. రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో. తెల్లవారుతూనే ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసి, సీసాలు ఐసు పెట్టెలో పెట్టుకుని చల్లదనం పోకముందే ల్యాబ్‌కి చేర్చాలి. బండి ఉన్నవాళ్ళకే ఇస్తారట ఆ పని.

"బండి ఉందిగా అత్తయ్యా" అంది.

"ఏ బండి?"

"ఏ బండేంటి? మనకి ఎన్ని బండ్లున్నాయి?"

దానికి నేర్పింది మావాడే. పెళ్ళయిన కొత్తలో రోజూ సాయంత్రం ఆటస్థలానికి తీసుకెళ్ళేవాడు. ఇది నడిపేది, వాడు వెనక పరిగెత్తేవాడు. ఇద్దరూ మోకాళ్ళు గీరుకుపోయి, పడిపడి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు.

నేను వద్దనలేదు. వద్దనడానికి నేనెవర్ని? ముప్ఫై నిండని పిల్ల. ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తూ ఉండమంటానా? నేను అలాంటి అత్తను కాను.

అలాంటి అత్తను కానే కాను.

టైరు మాత్రం మార్చాలి అన్నాను. దానికి అందరూ వెంటనే ఒప్పుకున్నారు.

జూన్ 12

తమ్ముడితో వెళ్ళి టైరు తెచ్చాను. షాపతను చక్రం విప్పి తెస్తే తనే ఎక్కించి ఇస్తానన్నాడు. మా తమ్ముడు నవ్వాడు. "పాతికేళ్ళు ఫ్యాక్టరీలో చేసినవాణ్ణి నేను" అన్నాడు. ఫ్యాక్టరీలోనే చేశాడు, నిజమే. స్టోర్సులో. టైర్లు లెక్కపెట్టి రాసేవాడు. ఎక్కించినట్టు నేనెప్పుడూ వినలేదు.

"అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి సార్. టైరు పక్కన బాణం ఉంటుంది. చక్రం ఎటు తిరుగుతుందో బాణం అటు చూడాలి. తిరగేసి ఎక్కిస్తే ఈ గాడులు నీళ్ళని బయటికి చిమ్మవు, తడిరోడ్డు మీద పట్టు ఉండదు" అన్నాడు షాపతను.

"నాకే చెప్తున్నావా?" అన్నాడు తమ్ముడు.

టైరు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను. కొత్త రబ్బరు వాసన. లోతైన గాడులు. వేలు పెడితే గోరంతా మునుగుతోంది.

జూన్ 14

తమ్ముడు పొద్దున్నే బనీను మీద దిగాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. ఎదురింటి హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. ఆయన రిటైరై చాలాకాలం అయింది. పిల్లలు దొరక్క, వీధి వీధంతటికీ పాఠాలు చెప్తుంటారు.

ముందు చక్రం నేల మీంచి లేవాలి. స్టాండు వేస్తే వెనక చక్రం లేస్తోంది గానీ ముందుది లేవదు. తమ్ముడు బండి చుట్టూ తిరిగాడు. గడ్డం గోక్కున్నాడు. చివరికి, "మాస్టారూ, మీరు కాస్త వెనక సీటు మీద కూర్చోండి" అన్నాడు. ఆయన కూర్చున్నారు. ముందు చక్రం గాల్లోకి లేచింది.

"చదువుకున్నవాళ్ళ బరువు ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాను.

"బాగా చెప్పావమ్మా" అన్నారాయన.

ఇక ఆయన దిగడానికి లేదు. దిగితే బండి ముందుకి వాలుతుంది. అందుకని ఎటూ పోని బండి మీద కూర్చుని నోటితో సాయం చేశారు. రబ్బరు ఏ చెట్టునుంచి వస్తుందో చెప్పారు. చక్రాన్ని ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదని చెప్పారు. తెలియదు అని చెప్పడానికే చాలాసేపు పట్టింది.

తమ్ముడు నట్టు విప్పి ఇరుసు లాగాడు. చక్రం చేతికి వచ్చింది. దాంతోపాటు చిన్న ఇనుప గొట్టం ముక్క ఒకటి కిందపడి దొర్లింది.

"ఇదేంటి బాబాయిగారూ?" అని కోడలు తీసింది.

"అదేం లేదమ్మా. కంపెనీవాళ్ళు ఒకటి ఎక్కువ పెడతారు."

కోడలు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత చక్రం బిగించేటప్పుడు అది లేక చక్రం అటూ ఇటూ ఊగింది. అప్పుడు అందించింది. "ఆఁ, అక్కడ పెట్టు, నేను చెప్దామనుకుంటున్నా" అన్నాడు తమ్ముడు.

పాత టైరు ఊడదీయడానికి ఇనుప పట్టీలు కావాలట. లేవు. "అక్కా, నీ గరిటెలు రెండు ఇలా తే." తెచ్చాను. టైరు ఊడింది. గరిటెలు రెండూ వంకీలు తిరిగాయి. కూర తిప్పితే ఇప్పుడు గిన్నె అవతలివైపు తిరుగుతోంది.

కొత్త టైరుతో ఒక కాయితం వచ్చింది. ఎలా ఎక్కించాలో బొమ్మలు వేసి ఉన్నాయి. కోడలు చదవబోయింది.

"కాయితాలు చూసి చేసేవాళ్ళు వేరే ఉంటార్లే తల్లీ" అని తమ్ముడు దాన్ని తీసుకుని, నేలమీద పరిచి, దానిమీద మోకాలు పెట్టుకున్నాడు.

తిట్లు, సబ్బునీళ్ళు, చెమట. మొత్తానికి టైరు రిమ్ము మీదకి ఎక్కింది. చక్రాన్ని పంక్చరు షాపుకి తీసుకెళ్ళి గాలి కొట్టించుకు వచ్చాడు. అంతసేపూ మాస్టారు సీటు మీదే ఉన్నారు. టీ అక్కడికే ఇచ్చాను.

"ఒరేయ్, ఆ షాపతను బాణం అన్నాడు, చూశావా?" అని అడిగాను.

"చూడకుండా ఉంటానా అక్కా?"

అంతా అయ్యాక కోడలు బండి స్టార్ట్ చేసింది. ఆ చప్పుడు వీధి మలుపులో వినపడగానే గేటు తీసేదాన్ని నేను. చక్కెర డబ్బా వెతకాలని లోపలికి వెళ్ళిపోయాను. డబ్బా నా చేతిలోనే ఉంది.

జూన్ 16

ఇవాళ కోడలికి పనిలో మొదటిరోజు. చీకటితోనే లేచి తయారైంది. ఐసు పెట్టె భుజాన వేసుకుని బండి దగ్గరికి వెళ్తే, ముందు టైరు నేలకి కరుచుకుపోయి ఉంది. గాలి లేదు. పంక్చరు షాపు తొమ్మిదైతే గానీ తెరవరు. పాపం, ఆటో కోసం పరిగెత్తింది.

కొత్త టైరు కదా. మొదట్లో గాలి నిలవదేమో.

జూన్ 17

నిన్న సాయంత్రం తమ్ముడు మళ్ళీ గాలి కొట్టించుకొచ్చాడు. ఇవాళ కూడా గాలి లేదు.

నిన్న రాసినదాంట్లో కొంచెం తేడా ఉంది. తమ్ముడు గాలి మరీ ఎక్కువ కొట్టించాడని నా అనుమానం. ఎక్కువైతే టైరు పేలుతుందంటారు. అందుకని పాలకి వెళ్ళేముందు, కొంచెం తగ్గిద్దామని వాల్వు మూత తీసి పిన్నీసుతో లోపల నొక్కాను. కొంచెమే. అది ఆగలేదు.

అంటే నేనే చెయ్యి తియ్యలేదు.

గాలి పోయేటప్పుడు ఉస్సుమంటుంది. బరువు దింపుకున్నట్టు. చెవికి హాయిగా ఉంటుంది.

జూన్ 19

పంక్చరు షాపతన్ని ఇంటికే పిలిపించారు. మనిషి బాగా మాటకారి. వీధిలో అందరూ గాలి డాక్టరు అంటారు, అతను కూడా అలాగే అనుకుంటాడు. చక్రం తిప్పాడు. చెవి ఆనించి విన్నాడు. సబ్బునీళ్ళు చల్లాడు. వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూశాడు. రాలేదు.

"ట్యూబులో దోషం లేదు. వాల్వులో దోషం లేదు. మీ ఇంట్లోనే ఏదో ఉందమ్మా" అన్నాడు.

టీలో చక్కెర సరిపోయిందా అన్నాను.

"ఇంట్లో ఏముంటుందయ్యా?" అన్నారు మాస్టారు.

"వరండాలో నేల వాలుగా ఉంది సార్. గాలి వాలుకి దిగిపోతుంది."

"అదీ!" అన్నాడు తమ్ముడు. "నాకు మొదట్నుంచీ డౌటే."

ముగ్గురూ కలిసి బండిని ఎత్తి అటు మూలకి జరిపారు. అతను రెండు గ్లాసులు టీ తాగి వెళ్ళాడు.

జూన్ 20

మూలన పెట్టినా గాలి దిగిపోయింది.

కోడలికి రోజూ ఆటోలే. నిన్న ఆటో దొరక్క ఆలస్యమైతే ల్యాబ్‌లో చివాట్లు పెట్టారట. అన్నం సరిగ్గా తినలేదు.

ఇవాళ వరండాలో మీటింగు పెట్టారు. వీధి పిల్లల పనే అని మాస్టారు తేల్చారు. ఆయనకి లోకంలో ఏ తప్పు జరిగినా పిల్లల పనే. సాయంత్రం వాళ్ళందర్నీ గోడ దగ్గర వరసగా నిలబెట్టి, క్రమశిక్షణ మీద మాట్లాడారు. ఒక్కడూ ఒప్పుకోలేదు. పాపం, ఎలా ఒప్పుకుంటారు?

"కాపలా పెట్టాలి" అన్నాడు తమ్ముడు. "పొద్దున్నే లేచేది ఎవరు?"

అందరూ నావైపు చూశారు.

"అక్కా, రేపట్నుంచి బండి నీ బాధ్యత. పురుగు కూడా దగ్గరికి రాకూడదు."

సరే అన్నాను. ఇంత పెద్ద బాధ్యత నాకు ఇదివరకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు.

జూన్ 21

కాపలా కాశాను. ఎవరూ రాలేదు. గాలి దిగిపోయింది.

రోజూ గొంతుకూర్చుని చూస్తున్నాను కాబట్టి టైరు మీద రాతలన్నీ కంటికి అలవాటయ్యాయి. నాకు ఆ అక్షరాలు రావు గానీ బాణానికి చదువు అక్కర్లేదు కదా. అది ఎటు చూస్తోందో చూశాను. మా తమ్ముడు తిరగేసి ఎక్కించాడనిపిస్తోంది.

నాకెందుకులే. కదలని బండికి బాణం ఎటుంటే ఏం?

జూన్ 22

వాల్వు మూత కనపడటం లేదని అందరూ వెతికారు. నేను కూడా మంచం కింద దాకా వెతికాను. టీ పొడి డబ్బాలో ఉంది.

జూన్ 23

మావాడి చొక్కా ఒకటి ఇస్త్రీకి ఇచ్చింది అక్కడే ఉండిపోయిందట. ఇస్త్రీ అతను తెచ్చి ఇచ్చాడు. సంగతి తెలియదు అతనికి. "బాబు ఈ మధ్య కనపడటం లేదేంటమ్మా" అన్నాడు. పనిమీద వెళ్ళాడన్నాను.

జూన్ 24

కోడలు కాలితో తొక్కే గాలి పంపు కొనుక్కొచ్చింది.

"ఇంక దిగిపోతే దిగిపోనివ్వండి అత్తయ్యా. పొద్దున్నే కొట్టుకుని పోతాను. తిరిగొచ్చేదాకా నిలిస్తే చాలు" అంది. చాలారోజుల తర్వాత దాని మొహంలో కాస్త కళ వచ్చింది. పంపుని తెచ్చి నా ముందు పెట్టి, తొక్కి చూపించింది. నేను కూడా బాగుందన్నాను.

బయట మబ్బు పట్టింది. రేపు వాన అంటున్నారు.

బాణం సంగతి చెప్పాలి. చెప్తే, అంత పొద్దున్నే చక్రం దగ్గర నాకేం పని అంటుంది. కాపలా ఉన్నాను కాబట్టి చూశానంటాను. అలా అయితే గాలి ఎవరు తీశారంటుంది.

ఒకవేళ నేను పొరబడ్డానేమో. నాకేం తెలుసు చక్రాల గురించి.

జూన్ 25

పొద్దున లేచేసరికి సన్నగా తుంపర. వరండాలోకి వెళ్ళాను. బాణం మళ్ళీ చూశాను. కళ్ళు నులుముకుని చూశాను. అలవాటు కొద్దీ చేతిలో పిన్నీసు ఉంది. ఇవాళ గాలి తియ్యడానికి వెళ్ళలేదు. తీసి ఉండేదాన్నేమో కూడా.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

వెనక కోడలు. పంపు పట్టుకుని నిలబడి ఉంది.

"బాణం చూస్తున్నాను."

"బాణం చూడటానికి పిన్నీసెందుకు?"

పిన్నీసు కొంగుకి గుచ్చుకోబోయాను. అది పిన్నీసు వంక చూసింది, వాల్వు వంక చూసింది, నా వంక చూసింది. తెలివైన పిల్ల.

"మీరా?" అంది. "ఇన్నాళ్ళూ మీరేనా?"

"గాలి ఎక్కువైందని కొంచెం..."

"చాలు ఆపండి! నేను ల్యాబ్‌లో ఎన్ని మాటలు పడ్డానో తెలుసా? మొన్న సీసా వేడెక్కి పాడైపోయింది. ఆ తాతగారి చేతికి నరం దొరకదు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ పొడవాల్సి వచ్చింది. ఆయన ఏడ్చాడు అత్తయ్యా, చిన్నపిల్లాడిలా. ఎవరి కోసం ఇదంతా?"

"నీ కోసమే."

"నా కోసమైతే నన్ను అడగాలి! నాకు భయం లేదనుకున్నారా? ఆ మలుపు వస్తే ఆటోలో కూర్చున్నా కళ్ళు మూసుకుంటాను. అలాగని ఎక్కడికి పోను? మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుని, ఆ బండిని చూస్తూ ముసలైపోదామా?"

పంపు గొట్టం వాల్వుకి తగిలించి తొక్కడం మొదలుపెట్టింది. కోపంతో తొక్కుతోంది. టైరు పైకి లేస్తోంది.

"ఇవాళ వెళ్ళకే. బాణం తిరగబడి ఉంది. తడిలో జారుతుంది."

"నిన్న గాలి. ఇవాళ బాణం. రేపు హారనా?"

నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? అది పంపు తీసి పక్కన పెట్టేలోపు నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. స్టాండు దింపాను. నా జన్మలో బండి పట్టుకోలేదు, పడిపోతుందనుకున్నాను. రెండు చేతులతో జానెడు ముందుకి తోశాను.

"చక్రం పైభాగం చూడు. ముందుకి పోతోందా? ఇప్పుడు బాణం చూడు."

ఇంకో జానెడు తోశాను. చక్రం ముందుకి తిరుగుతుంటే బాణం తోకని ముందు పెట్టుకుని పోతోంది, వెనక్కి నడిచేవాడిలా. కోడలు సెల్‌ఫోను లైటు వేసి కింద కూర్చుంది. మళ్ళీ తొయ్యమంది. తోశాను. చాలాసేపు చూసింది.

లేచి, లైటు ఆపేసి, ఐసు పెట్టె భుజాన వేసుకుని, గొడుగు తీసుకుని ఆటో కోసం వెళ్ళింది.

సాయంత్రం తమ్ముణ్ణి, మాస్టారుని పిలిపించాను. గాలి తీసింది నేనే అని ముందు చెప్పేశాను. మాస్టారు నోరు తెరిచారు. ఆయన నోరు మాట లేకుండా తెరుచుకోవడం అదే మొదటిసారి. తర్వాత బాణం సంగతి చెప్పాను.

"అక్కా, టైరు గుండ్రంగా ఉంటుంది" అన్నాడు తమ్ముడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "గుండ్రంగా ఉన్నదానికి వెనకేంటి, ముందేంటి?"

మాస్టారు కిందకి వంగారు. చక్రం తిప్పించారు. బాణం అడుక్కి వచ్చింది. "ఇదిగోనమ్మా, చూడు. ముందుకే చూపిస్తోంది!"

"అడుగున ఉంది కాబట్టి మాస్టారూ. పైకి తీసుకురండి."

పైకి తెచ్చారు. వెనక్కి చూసింది. మళ్ళీ అడుక్కి తెచ్చారు. ముందుకి చూసింది.

"రెండువైపులా చూపిస్తోందంటే రెండూ సరైనవే" అని తేల్చారు.

"అంతే కదా. అనుభవం ఉన్నవాణ్ణి, నాకు తెలియదా? ఏం కాదక్కా, దీనికేం..." అంటూ తమ్ముడు టైరు మీద బొటనవేలు నొక్కాడు.

అదే వేలు. అదే నొక్కడం.

"ఇంకో వానాకాలం లాగుతుందా?" అన్నాను.

అరవలేదు నేను. మామూలుగానే అడిగాను. వాడి వేలు టైరు మీదే ఉండిపోయింది. మాస్టారుకి అర్థం కాలేదు, ఏంటేంటి అని అడిగారు. తమ్ముడు మెట్టుమీద కూర్చున్నాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

కోడలు వెనకాలే వెళ్ళి చెప్పులు ఇచ్చి వచ్చింది.

జూన్ 26

ఇవాళ కోడలికి సెలవు. నేను ముఖం కడుక్కునేసరికే తమ్ముడు వరండాలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. టైరు విప్పే ఇనుప పట్టీలు కొనుక్కొచ్చాడు. ఇంజను కింద పెట్టడానికి ఇటుకలు తెచ్చాడు. మాస్టారు వచ్చి సీటెక్కబోతే, "వద్దు మాస్టారూ, మీరు ఇది చదవండి" అని ఆ కాయితం ఇచ్చాడు. దాని మీద వాడి మోకాలి గుర్తు ఇంకా ఉంది.

ఆయన ఒక్కొక్క వాక్యం గట్టిగా చదివారు. చదివినంతవరకే వీడు చేశాడు. ఒక్కసారి కూడా "నాకు తెలుసు" అనలేదు. ఆయనే మధ్యలో రబ్బరు చెట్టు గురించి మొదలుపెట్టబోయారు. కోడలు "తర్వాతి లైను మాస్టారూ" అంది.

టైరు తీసి, లోపల ముల్లుగానీ మేకుగానీ ఉందేమో అని తమ్ముడు అరచేత్తో చుట్టూ తడిమాడు. ట్యూబులో కొంచెం గాలి పట్టించి, మడత పడకుండా లోపల సర్దాడు. బాణం ఎటు చూస్తోందో ముగ్గురికీ చూపించాడు. మాస్టారు కూడా ఒప్పుకున్నారు, కాకపోతే మొదట్నుంచీ తను అదే అంటున్నానన్నారు. పట్టీలు ట్యూబుని కొరక్కుండా నెమ్మదిగా టైరు ఎక్కించాడు. టైరు అంచు మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది రిమ్ము చుట్టూ ఒకే ఎత్తులో కనపడితేనే టైరు సరిగ్గా కూర్చున్నట్టట. ఒకచోట లోపలికి పోయింది. మొత్తం గాలి తీసి మళ్ళీ కొట్టాలి.

"గాలి తియ్యడం ఎవరికి బాగా వచ్చు?" అంది కోడలు.

దాని మొహం మామూలుగానే ఉంది. నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట అది. నేనే తీశాను. కొట్టింది కూడా నేనే. తియ్యడానికి వేలు చాలు గానీ కొట్టడానికి ఒళ్ళంతా కావాలి. రొప్పుతూ తొక్కాను. గీత చుట్టూ సమంగా వచ్చింది.

చక్రం బిగించి, హ్యాండిలు పట్టుకుని నాలుగుసార్లు కిందకి నొక్కి, అప్పుడు ఇరుసు నట్టు గట్టిగా బిగించాడు. బ్రేకు చూశాడు. చేత్తో చక్రం తిప్పి వదిలాడు. ఎక్కడా రాసుకోకుండా తిరిగింది.

"ఒకసారి నువ్వు చూడక్కా" అన్నాడు.

చూశాను. నట్టు, గొట్టం ముక్క, గీత, బాణం.

"అక్కా, ఆ రోజు నేను..." అన్నాడు.

"టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను.

తాగాడు.

జూన్ 27

కాయితంలో ఇంకో మాట కూడా ఉంది. కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది, ఆ నునుపు అరిగేదాకా నెమ్మదిగా నడపాలి, వంపుల్లో బండి వాల్చకూడదు. మాస్టారు దీన్ని రెండుసార్లు చదివారు.

అయితే వెనక బరువుంటే మంచిదేమో అన్నాను. మంచిదో కాదో కాయితంలో లేదు. నేను కూడా వస్తాను అన్నాను. ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుంటాను, దానికి కూడా బాగుంటుంది.

"ఎక్కడికక్కా ఈ వయసులో?" అన్నాడు తమ్ముడు.

"టైరు అరగదియ్యడానికి."

తన హెల్మెట్టు ఇచ్చాడు. నాకు కళ్ళమీదకి జారుతుంది.

జూన్ 28

వెళ్ళాం. ఇంటింటికీ ఆగడం, ఇది లోపలికి వెళ్ళి సూది గుచ్చి రావడం, నేను బండి దగ్గర నిలబడటం. ఒకింట్లో నన్ను చూసి, "ల్యాబ్‌వాళ్ళు పెద్దావిణ్ణి కూడా పంపిస్తున్నారే" అన్నారు. సూపర్‌వైజర్ని అని చెప్పాను. కోడలు మెట్లమీద నవ్వు ఆపుకోలేకపోయింది.

సైకిలువాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయారు. నా ఎడమకాలు దారంతా ఏదో తొక్కుతూనే ఉంది. నా వైపు బ్రేకు లేదట.

నీళ్ళ ట్యాంకు కనపడింది. రోడ్డు తడిగా ఉంది. కోడలు వీపు బిగుసుకుపోవడం నాకు తెలిసింది. నా చేతులు దాని నడుం చుట్టూ ఉన్నాయి, అవి కూడా బిగుసుకున్నాయి. ఎక్కడ పడ్డాడో చూద్దామనే అనుకున్నాను. రోడ్డు మీద ఏమీ లేదు. మామూలు రోడ్డు. అవతల ఒకాయన గొడుగు వేసుకుని పోతున్నాడు.

"అయిపోయిందా?" అన్నాను.

"ఎప్పుడో దాటేశాం అత్తయ్యా. కాస్త ఊపిరి ఆడనివ్వండి."

పట్టు వదులు చేశాను.

జూన్ 30

ఇవాళ కూడా వెళ్ళాను. నా నడుం పట్టేసింది. టైరు బాగానే అరుగుతోంది.

జూలై 2

నునుపు పోయిందట. కోడలు వేలితో రాసి చూపించింది. గరుగ్గా తగిలింది. ఇంకా కొంచెం నున్నగా ఉందేమో అన్నాను గానీ లేదు.

రేపట్నుంచి రావద్దు అత్తయ్యా, అంది. మెల్లిగానే అంది.

జూలై 3

పొద్దున నేనే గాలి చూశాను. చేత్తో నొక్కి, తర్వాత పంపుకున్న మీటరు పెట్టి. సరిపోను ఉంది. మూత బిగించాను. గేటు తీశాను. హెల్మెట్టు బెల్టు పెట్టుకుందో లేదో చూశాను. వెళ్ళింది.

రోజూ వచ్చే వేళ దాటింది. ల్యాబ్‌లో ఎక్కువ ఇళ్ళు ఇచ్చి ఉంటారు. ఉల్లిపాయలు తరిగాను. ఎన్ని తరిగానో చూసుకోలేదు, ఇద్దరికి వారం సరిపోతాయి. తమ్ముడు ఊరికే ఇటు వచ్చానంటూ వచ్చి వరండాలో కూర్చున్నాడు. మాస్టారు ఎదురింట్లో పేపరు పట్టుకుని నిలబడ్డారు. పేజీ తిప్పటం లేదు. వాన మొదలైంది. చేతులు ఊరికే ఉండలేక ఇది తీసి రాస్తున్నాను. ఫోను చేస్తే బండి మీద ఉండి ఎత్తుతుందేమో, ఎత్తకపోతే అదొకటి. చెయ్యకూడదు. పన్నెండవుతోంది. రోడ్డు మీద ప్రతి బండీ దాని చప్పుడే అనిపిస్తోంది. ఏదీ ఆగటం లేదు. తమ్ముడు లేచి గేటుదాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వెళ్

వచ్చింది.